వియ్యపు పాటలో నిజం పాడకూడదు

మా తమ్ముడి మనవరాలు వసుధ యూనివర్సిటీలో స్త్రీల పాటల మీద పరిశోధన చేస్తోంది. పోయిన నెల నన్ను చూడటానికి వస్తూ, వాళ్ళింటి అటకమీద దొరికిందని ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. మొదటి పేజీలో పదిహేడో ఎక్కం, అది కూడా తప్పుల తడక. రెండో పేజీ నుంచి అన్నీ పాటలే. ఆ దస్తూరీ చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. పదకొండేళ్ళ వయసులో మా అమ్మమ్మ చెబుతూ ఉంటే నేను రాసిన పాటలవి. వసుధ మాత్రం నా ప్రాణం సంగతి పట్టించుకోకుండా టేపురికార్డరు బల్లమీద పెట్టి, మీట నొక్కి, మొదటి పాట చదివింది.

కోడూరు వియ్యపురాలు వచ్చిందమ్మా
కొండంత డేగిసాతో వండిందమ్మా
ఉప్పేమొ రేవులో, పప్పేమొ పడవలో
ఉత్తి నీళ్ళు వడ్డించ ఊరంతా పిలిచిందమ్మా

"మామ్మా, ఇది కరువు పాట కదూ?" అంది. "ఉప్పు రేవులో ఉండిపోయింది, పప్పు పడవలో ఉండిపోయింది. అంటే దివిసీమకి సరుకులు చేరడం ఎంత కష్టంగా ఉండేదో తెలుస్తోంది. ఉత్తి నీళ్ళు వడ్డించడం అంటే ఆకలి. నేను ఇరవై పేజీలు రాశాను దీనిమీద." తాగుతున్న కాఫీ నాకు పొలమారింది. "కరువూ లేదు, కాకరకాయా లేదు. అది మా అమ్మమ్మ వాళ్ళక్కని తిట్టిన తిట్టే పిచ్చిపిల్లా" అన్నాను. "మరి తిట్టులా లేదే?" అంది అమాయకంగా. ఇరవై పేజీలు వృథా అయినందుకు కాస్త జాలి వేసిన మాట నిజమే గాని, అంతకంటే ఎక్కువగా నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక ఆ పిల్లకు చెప్పిన కథే ఇది.

నేను బందరులో అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకున్నాను. తాతయ్య కోర్టులో గుమాస్తా. ఇంట్లో అమ్మమ్మ, పెళ్ళికి ఎదిగిన మా రాజ్యం పిన్ని, నేను. ఇల్లంటే నాకిప్పటికీ ముందు గుర్తొచ్చేది వెన్న కాచే వాసన. అమ్మమ్మ నెయ్యి దింపే ముందు అందులో రెండు మునగాకు రెబ్బలు వేసేది, ఆ చిటపట వినబడగానే నేను వేడన్నం కంచంతో సిద్ధమయ్యేదాన్ని. గిలకలదిండి వైపు నుంచి గాలి తిరిగితే చాలు, డబ్బాలో అప్పడాలు మెత్తబడేవి, తలుపు గొళ్ళేలకు చిలుము పట్టేది, అమ్మమ్మ సముద్రాన్ని కూడా పక్కింటావిడను తిట్టినట్టే పేరు పెట్టి తిట్టేది. తెల్లారగానే ఆవిడ కవ్వం ముందు కూర్చుని చల్ల చిలుకుతూ పాటలు కట్టేది. తాడు ఇటు లాగితే ఒక ముక్క, అటు లాగితే ఇంకో ముక్క. చరణం కుదరకపోతే కవ్వం ఆగిపోయేది, వెన్న పడటం ఆలస్యమయ్యేది, తాతయ్య మజ్జిగ లేకుండానే కోర్టుకు వెళ్ళిపోయేవాడు. ఆవిడకు చదవడం రాదు, రాయడం రాదు. కుదిరిన చరణాన్ని నాకు చెప్పి రాయించి, మళ్ళీ చదవమని విని, పులుసులో ఉప్పు చూసినట్టు నాలుక చప్పరించి, "ఊఁ, సరిపోయిందే" అనేది.

ఆ పాటలన్నీ వియ్యపు పాటలు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు బంతిలో కూర్చుని భోంచేస్తుంటే, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు ఎదురుగా నిలబడి వాళ్ళను ఎగతాళి చేస్తూ పాడాలి. వాళ్ళు కూడా ఊరుకోరు, ముద్దకూ ముద్దకూ మధ్య జవాబు చెబుతారు. అయితే ఈ ఆటకు ఒక కట్టడి ఉంది. పాటలో అబద్ధమే పాడాలి. లావుపాటి వియ్యపురాలిని గాలికి ఎగిరిపోతావన్నారనుకోండి, ఆవిడే ముందు నవ్వుతుంది. బంగారం లాంటి వంట వండే మనిషిని పప్పు మాడ్చావంటే అది పొగడ్తతో సమానం. నిజంగా మాడ్చిన మనిషిని మాడ్చావని పాడితే మాత్రం అది పాట కాదు, రంపపు కోత. "నిజం చెప్పాలంటే నూతి దగ్గర చెప్పుకో, పందిట్లో పాడకు" అని అమ్మమ్మ నాకు నూరిపోసింది. నేను బుద్ధిగా తల ఊపాను. బుద్ధిగా తల ఊపిన పిల్లల్ని ఎప్పుడూ నమ్మకూడదు.

మా అమ్మమ్మ అక్కను మేము కోడూరు పెద్దమ్మమ్మ అనేవాళ్ళం. ఆవిడా పాటలు కట్టడంలో ఘటికురాలే. ఈ అక్కాచెల్లెళ్ళు పదిహేడేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. గుడివాడలో వాళ్ళ పుట్టింటివారి తాలూకు పెళ్ళిళ్ళు జరిగినప్పుడల్లా ఇద్దరూ వచ్చేవారు. ఒకావిడ పెళ్ళికొడుకు వైపు చేరితే ఇంకొకావిడ కావాలని పెళ్ళికూతురు వైపు చేరేది. ఇక పాటలే పాటలు. "వాళ్ళిద్దర్నీ చెరో పక్క నిలబెడితే చాలు, సన్నాయి మేళం ఖర్చు కలిసొస్తుంది" అని గుడివాడ వాళ్ళు మురిసిపోయేవారు. అందరికీ అది వినోదం. ఆ పాటల్లో ఉత్తరాలు నడుస్తున్నాయని రాసే నాకు మాత్రమే తెలుసు. వసుధ చదివిన పాటే చూడండి. పెద్దమ్మమ్మ వంటకు దివిసీమంతా పేరుంది కనక వంట రాదనడం మామూలు ఎగతాళి. కానీ ఆఖరి చరణంలో "ఊరంతా పిలిచిందమ్మా" అన్న దగ్గర అమ్మమ్మ గొంతు కాస్త సాగదీసేది. ఊరంతా పిలిచావు, నన్ను తప్ప అని. దానికి పెద్దమ్మమ్మ జవాబు కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

బందరు వియ్యపురాలు బారెడు పొట్టిదమ్మా
పీట మీద నిలుచున్న పిల్లకందదమ్మా
నాలుగడుగులు వెయ్య నడుము పట్టేనంట
ఏరు దాటి రమ్మంటే ఏడ్చి కూర్చుందమ్మా

అమ్మమ్మ తాటిచెట్టంత మనిషి. పొట్టిదనగానే పందిరంతా గొల్లుమనేది. ఏరు దాటి రమ్మంటే రాలేదన్న మాట దగ్గర మాత్రం ఎవరూ ఆగి ఆలోచించేవారు కారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఆ ఒక్క చరణమే పదిసార్లు చదివించుకుని, "చూశావుటే, నేనే రాలేదుట!" అని పళ్ళు నూరేది.

ఇంతకీ జరిగిందేమిటంటే, పదిహేడేళ్ళ కిందట పెద్దమ్మమ్మ కూతురి పెళ్ళి కుదిరింది. ఏటికి వరద రాకముందే జరిపించాలని వారంరోజుల్లో ముహూర్తం పెట్టారు. శుభలేఖ ఎవరు తెచ్చినా, దగ్గరి ఆడవాళ్ళను ఆ ఇంటి ముత్తయిదువ స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవాలి కదా. అమ్మమ్మ వాకిలి కడిగి, ముగ్గేసి, అక్క కోసం చూస్తూ కూర్చుంది. అక్క రాలేదు. వాళ్ళ పాలేరు వచ్చాడు. వీధరుగు దగ్గర నిలబడి తలగుడ్డ తీసి, "అమ్మగారు పెళ్ళికి తవర్ని తప్పకుండా రమ్మన్నారండీ" అన్నాడు. అమ్మమ్మ అతనికి కడుపునిండా అన్నం పెట్టి పంపింది గానీ పెళ్ళికి మాత్రం వెళ్ళలేదు. సొంత చెల్లెలు రాకుండా పిల్ల పెళ్ళి చేసుకున్నానని అక్క కూడా బిగుసుకుంది. మగవాళ్ళకు ఈ గొడవేమీ పట్టలేదు. తాతయ్యా, కోడూరు పెదతాతయ్యా కోర్టులో కలుసుకున్నప్పుడల్లా కలిసి మైసూరుపాకం తిని ఎవరింటికి వాళ్ళు వెళ్ళేవారు. ఇంట్లో మాత్రం చెప్పేవారు కారు.

ఆ మైసూరుపాకం ఫలితమే రాజ్యం పిన్ని సంబంధం. పెళ్ళికొడుకు కోడూరు పెదతాతయ్య చెల్లెలి కొడుకు. వరస చక్కగా కుదిరింది, జాతకాలు కుదిరాయి, మాటలు లేని అక్కాచెల్లెళ్ళు మాత్రమే మిగిలారు. జ్యేష్ఠమాసంలో ముహూర్తం. పెద్దమ్మమ్మ వస్తుంది, కానీ చెల్లెలింటికి కాదు, మగపెళ్ళివారితో విడిదికి. "నా గుమ్మంలో అడుగుపెట్టేది వియ్యపురాలు, మా అక్క కాదు" అని అమ్మమ్మ పైకి బింకంగా అంది. లోపల జరిగేది వేరు. వంటవాళ్ళకు పప్పూ పులుసూ ఏం చేసుకుంటారో మీ ఇష్టమని వదిలేసి, పనసపొట్టు కూర మాత్రం తానే చేస్తానని పట్టుబట్టింది. ఆవ తానే నూరింది, ఎండుమిరపకాయలు తానే ఏరింది. పనసపొట్టు కూరంటే పెద్దమ్మమ్మకు ప్రాణమని నాకు పిన్ని చెప్పింది. ఒక మధ్యాహ్నం నేను చూస్తుండగానే అమ్మమ్మ రుబ్బురోలు ముందు చేయి ఆపి, తనలో తానే, "ఈసారి కూడా పాటలు పాడేసి వెళ్ళిపోతుంది కాబోలు. ఇద్దరం ముసలాళ్ళమైపోయాం. ఇంకెప్పుడు మాట్లాడుతుంది?" అంది. కళ్ళు తుడుచుకుని, ఆవ ఘాటు అంది నాతో.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం. హాయిగా నిద్రపోయాను. కానీ మర్నాడు బడిలో కూర్చుని లెక్కలు చెయ్యాల్సిన సమయంలో ఒక గొప్ప ఆలోచన చేశాను. పదిహేడేళ్ళుగా ఇద్దరూ అబద్ధాలు పాడుకుంటున్నారు కనకే గొడవ తేలడం లేదు. అసలు సంగతి సూటిగా అడిగితే జవాబు సూటిగా వస్తుంది కదా! పైగా నేను కూడా పాట కట్టగలనని పదిమందికీ తెలియాలన్న దుగ్ధ ఒకటి. పలక మీద రాసి, తుడిచి, మొత్తానికి ఒక చరణం తయారు చేశాను. అమ్మమ్మకు చూపించలేదు.

పెళ్ళివారు పులిగడ్డ దగ్గర ఏరు దాటి, బళ్ళెక్కి, దుమ్ము కొట్టుకుని బందరు చేరారు. పెద్దమ్మమ్మను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అమ్మమ్మలో సగం ఎత్తు, రెట్టింపు నిబ్బరం, రూపాయంత బొట్టు. పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్ళ బంతి వేశారు. తాటాకుల పందిట్లో అరిటాకులు, ఒక వరసలో పెళ్ళికొడుకు తల్లి, పక్కన పెద్దమ్మమ్మ. ఎదురుగా మేము. అమ్మమ్మ కోడూరు పాట ఎత్తుకుంది. పెద్దమ్మమ్మ బూరె తుంపుతూనే బందరు పాటతో జవాబిచ్చింది. బూరె ఆగలేదు, పాటా ఆగలేదు. పందిరంతా నవ్వులు. అమ్మమ్మ ఊపిరి పీల్చుకునే సందు చూసి నేను ముందుకు వచ్చి, ఉన్న గొంతంతా పెట్టి పాడాను.

చెల్లెల్ని పిలవంగ చేతులే రాలేదా
బొట్టు పెట్టంగ నీకు కుంకుమే లేదా
పాలేరు చేతికి పిలుపిచ్చి పంపావు
మా ఇంటి గుమ్మమే మరిచిపోయావా

నవ్వు ఠక్కున ఆగిపోయింది. నా చరణం ఇంత బాగుందా అని నేను ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా. తర్వాత అందరి మొహాలూ చూశాను. బంధువుల గొడవ పందిట్లో పెట్టడం ఒక తప్పయితే, నిండు ముత్తయిదువును పట్టుకుని, పెళ్ళింట్లో, అన్నం ముందు, నీకు కుంకుమ లేదా అనడం అంతకు వందరెట్ల తప్పు. నాకు కావలసింది ప్రాస. అక్కడున్నవాళ్ళకు వినబడింది శాపం. పెళ్ళికొడుకు తల్లి విస్తరిలోంచి చేయి తీసేసింది. మగపెళ్ళివారు భోజనం మధ్యలో లేచారంటే ఇక ఆ పెళ్ళి మంచి మాట బందరులో ఎవరి నోటా రాదు. వంటాయన నేతి గిన్నెతో కొయ్యబారిపోయాడు. అమ్మమ్మ నన్ను వెనక్కి లాగి, అక్క వైపు రెండు చేతులూ జోడించింది. పదిహేడేళ్ళలో ఆవిడ అక్కను సూటిగా చూడటం అదే మొదటిసారి.

పెద్దమ్మమ్మ లేవలేదు. ఎడంచేత్తో తన బొట్టు ఒకసారి తాకి చూసుకుంది. గ్లాసు తీసి నాలుగు గుక్కల నీళ్ళు తాగింది. తర్వాత విస్తరి కేసే చూస్తూ, ఎగతాళి బాణీలో కాదు, పిల్లను నిద్రపుచ్చే బాణీలో, మెల్లగా పాడింది.

కుంకుమ భరిణెలో నిండుగా ఉన్నది
ముట్టుకునే వీల్లేదు మూడునాళ్ళు నాకు
దొడ్లోన చాపేసి దూరాన కూర్చుంటి
పాలేరుతో ఏమని చెప్పనే చెల్లెలా

అక్కడున్న ప్రతి ఆడదానికీ అర్థమైంది. పిలుపులకు బయల్దేరవలసిన రోజునే ఆవిడ బయట చేరింది. ఇంట్లో మరో ఆడమనిషి అత్తగారొక్కతే, ఆవిడకు పసుపు కుంకుమలు లేవు. వారంలో ముహూర్తం, నాలుగో రోజు స్నానం చేసి ఏరు దాటి వచ్చే వ్యవధి లేదు. దొడ్డివైపు నుంచి గోడవారగా నిలబడి పాలేరును కేకేసి, చెల్లెలికి చెప్పి రమ్మంది. ఫలానా కారణం వల్ల రాలేదని మగవాడితో ఏ ఆడది చెప్పి పంపుతుంది? చెల్లెలు ఆడదే కదా, తనే గ్రహిస్తుందనుకుంది. చెల్లెలేమో ముగ్గేసుకుని గుమ్మంలో కూర్చుని కారాలు మిరియాలు నూరుకుంది. ఇందులో తప్పెవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. నేతి గిన్నె వంటాయనకు ఆ చరణం ఎంత అర్థమైందో గానీ, గిన్నె అక్కడే పెట్టి వంటింట్లోకి పరుగెత్తాడు.

అమ్మమ్మ ఆయన వెనకే వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాం. పనసపొట్టు కూర పళ్ళెంతో తిరిగి వచ్చింది. వరసలో పెళ్ళికొడుకు తల్లిని కూడా దాటేసి తిన్నగా అక్క విస్తరి ముందు వంగి, ఇంత కూర గుమ్మరించి, "ఆ ముక్క పదిహేడేళ్ళ కింద చెబితే నీ సొమ్మేం పోయిందే?" అంది. "నువ్వొచ్చి ఎందుకు రాలేదే అక్కా అని అడిగితే నీ సొమ్మేం పోయింది?" అంది పెద్దమ్మమ్మ. "అడగడానికి నేనెందుకు రావాలి? పెద్దదానివి నువ్వు!" "పెద్దదాన్ని కాబట్టే నువ్వు రావాలి!" అలా మొదలైంది. బంతి అయింది, ఆకులెత్తారు, పందిరి ఊడ్చారు, వాళ్ళు మాత్రం ఆపలేదు. "కాస్త ఆవ ఎక్కువైందే" అని పెద్దమ్మమ్మ, "అన్నేళ్ళు దూరంగా ఉన్నవాళ్ళ నాలుకలకు అలాగే ఉంటుంది" అని అమ్మమ్మ. పెళ్ళికొడుకు తల్లి రెండోసారి పెరుగు పోయించుకుని ముచ్చటగా చూస్తూ కూర్చుంది. తాతయ్య కంగారుగా వచ్చి తలుపు చాటునుంచి విని, "మధ్యలో ఎవరూ వెళ్ళకండి. పాత దావా, వాదనలు పూర్తి కానివ్వండి" అని వెళ్ళిపోయాడు. నాకు అమ్మమ్మ దగ్గర ఒక తొడపాశం, పెద్దమ్మమ్మ దగ్గర ఒక బందరు లడ్డు దక్కాయి. "నియమం తప్పావు, మళ్ళీ ఎప్పుడూ పాట కట్టకు" అని ఒకరు, "ప్రాస బాగా కుదిరిందే" అని ఇంకొకరు. నేను పెద్దయ్యాక ఇద్దరి మాటా విన్నాను. పాటలు కట్టలేదు, కథలు రాశాను.

ఇదంతా విని వసుధ, "ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో ఈ పాటలు ఎందుకు లేవు మామ్మా?" అంది. ఎక్కడ పాడతాం? బఫే అని కంచాలు పట్టుకుని అందరం నడుస్తూ తింటున్నాం, ఎవరి ఎదురుగా నిలబడి పాడాలి? వీడియో దీపాలు కంట్లో కొడుతుంటాయి. పోస్టులో శుభలేఖ వస్తుంది, కుదిరితే వెళ్తాం, కుదరకపోతే లేదు. వెళ్ళకపోయినా పదిహేడేళ్ళు గుర్తుపెట్టుకునేవాళ్ళు లేరు. నిజానికి ఇది సుఖమే. ఆడవాళ్ళను దొడ్లో చాప మీద కూర్చోబెట్టడం పోయింది, అందుకు నేను రోజూ దణ్ణం పెడతాను. కానీ ఒకటి మాత్రం అనిపిస్తుంది. ఆ రోజుల్లో మనుషులు రాలేదని కోపం వచ్చేది. ఇప్పుడు వచ్చారో లేదో కూడా ఫొటోలు చూస్తే గాని తెలియడం లేదు. నా మీద అలా పదిహేడేళ్ళు అలిగే మనిషి ఒక్కరుంటే బాగుండునని, ఈ వయసులో, సిగ్గులేకుండా అనుకుంటూ ఉంటాను.

అప్పగింతల సంగతి వసుధకు చెప్పలేదు. అప్పటికే టేపు అయిపోయింది. పెళ్ళివారు ప్రయాణమైన రోజున పిన్ని చేతులు పాలలో ముంచి, అత్తవారి వైపు పెద్దల చేతుల్లో ఒక్కొక్కరికీ పెట్టిస్తున్నారు. ఆ వేళకు పాడే పాటకు అమ్మమ్మ పెట్టింది పేరు, రాళ్ళు కూడా కరుగుతాయనేవారు. పెళ్ళికొడుకు తల్లి దాకా బాగానే పాడింది. పక్కనే పెద్దమ్మమ్మ నిలబడి ఉంది. అక్కడికి రాగానే అమ్మమ్మ పాట ఆపేసింది. కూతురి చేయి అక్క చేతిలో పెట్టడం మానేసి, అక్క చేయి తన రెండు చేతులతో పట్టుకుని భోరుమంది. పెద్దమ్మమ్మ కూడా భోరుమంది. బళ్ళు కట్టేశారు, ఎండెక్కుతోంది, వీళ్ళు వదలరు. పెళ్ళికూతురు పాలు కారుతున్న చేతులు చాపుకుని అలాగే నిలబడి ఉంది. మా పిన్ని నోరు ఊరుకునేది కాదు. "అమ్మా, అత్తారింటికి వెళ్ళేది నేను. కాస్త ఇటు చూసి నాకోసం కూడా ఏడువు" అంది.

అమ్మమ్మ చేయి వదలకుండానే తల తిప్పి, "నువ్వు పదిహేను రోజులు పోతే ఆషాఢానికి వచ్చేస్తావే పిల్లా. ఇది మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు?" అంది.